వాన ముందు స్లాబు, అప్పు తర్వాత మేడ

తడలో ఇల్లు కట్టేవాడు బ్యాంకు మేనేజరు కంటే ముందు ఈశాన్య రుతుపవనాలతో మాట్లాడుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మా వైపు తవ్విన పునాది గుంతల్లో నీళ్లే నిలుస్తాయి. అందుకే డబ్బును నెలల లెక్కన పంచుకోలేదు. పని ఎక్కడ ఆపితే నష్టం రాదో చూసుకుని ఆ చోట్ల దగ్గర పంచుకున్నాను. అలాంటి చోట్లు నాకు రెండే కనిపించాయి. బేస్‌మెంట్ కట్టి మట్టి నింపాక ఒకటి, స్లాబు వేసి సెంట్రింగ్ విప్పాక ఇంకొకటి. సగం లేచిన గోడ, కట్టి వదిలేసిన ఇనుము వానకు ఆగవు.

2025 సంక్రాంతి పోగానే ముగ్గు పోశాం. "వానొచ్చేలోపల స్లాబు ఏసేయాల సార్, ఆనక మీ ఇష్టం" అన్నాడు మేస్త్రీ. ఆగస్టులో వేసేశాం.

చిక్కంతా బ్యాంకు డబ్బు వచ్చే వరుసలో ఉంది. 30 లక్షల లోపు గృహరుణానికి ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఇవ్వొచ్చు అంటే ఇస్తారని కాదు. ముందు మన వాటా ఖర్చుపెట్టమంటారు. ఆ తర్వాత పని జరిగినట్టు ఇంజనీరు చూసి చెబితేనే ఆ దశ డబ్బు వదులుతారు. అంటే స్లాబు డబ్బు స్లాబు పడ్డాక వస్తుంది. ఇనుము షాపతను, కూలీలు అంతదాకా ఎందుకు ఆగుతారు? అందుకని ఒక దశకు సరిపడా డబ్బు వేరే ఖాతాలో ఉంచాను. బ్యాంకు నుంచి వచ్చిన ప్రతి విడతతో ముందు ఆ ఖాతానే నింపాను. ఇంట్లో బంగారం జోలికి పోకుండా గట్టెక్కింది దానివల్లే.

విడతల్లో ఒక మేలూ ఉంది, తీసుకున్నంత వరకే వడ్డీ. 20 లక్షలు 8.5 శాతానికి ఒకేసారి తీసుకుంటే నెలకు వడ్డీయే 14,167 రూపాయలు. 8 లక్షలే తీసుకుని ఉంటే 5,667. అద్దె ఇంట్లో ఉంటూ కట్టుకునేవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు. కానీ ఇలా కట్టే వడ్డీతో అసలు ఒక్క రూపాయీ తగ్గదు కాబట్టి సాగదీస్తే మనకే దెబ్బ. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఇంకో గడువుంది: అప్పు తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక 5 ఏళ్లలోపు ఇల్లు పూర్తవ్వాలి. లేదంటే సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి ఏటా 2 లక్షల దాకా దొరికే మినహాయింపు 30,000కు పడిపోతుంది.

2025లో కాలం కలిసొచ్చింది. రెపో రేటు 6.50 నుంచి 5.25 శాతానికి దిగింది. సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతమైంది. ఇందులో నా తెలివేమీ లేదు. పూత పనికి సిమెంటు ముందే కొని పేర్చుకోలేదు, అంతే. కొన్నా వానాకాలంలో బస్తాలు గడ్డకట్టేవి.

ఎవరి బడ్జెట్లోనూ కనిపించని ఖర్చు నీళ్లు. పక్కనే పులికాట్, ఉప్పునీటి సరస్సు. ఇనుము వేసే కాంక్రీటుకు వాడే నీళ్లలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని ఐఎస్ 456 ప్రమాణం. మా బోరు నీళ్లు పరీక్షలో నెగ్గలేదు. ట్యాంకర్లు తెప్పించుకున్నాం, క్యూరింగుకు కూడా. పదేళ్ల తర్వాత స్లాబు పెచ్చులూడితే అయ్యే ఖర్చు ముందు ట్యాంకర్ బిల్లు ఏపాటిది?

మేడ మాత్రం ఆపేశాను. దగ్గర్లోని శ్రీసిటీ పరిశ్రమల ఉద్యోగులకు అద్దెకివ్వొచ్చు, అప్పు అదే తీరిపోతుందని చెప్పినవాళ్లు చాలామందే. ఇంకో 10 లక్షలు అదే వడ్డీకి తీసుకుంటే 20 ఏళ్లకు నెలవాయిదా 8,678 రూపాయలు. ఇల్లు ఖాళీగా ఉన్న నెలల్లోనూ అది కట్టాల్సిందే. ఆ ధైర్యం నాకు లేదు. పునాదులు, పిల్లర్లు మాత్రం పై అంతస్తు మోసేలా వేయించాను. అది తర్వాత చేసుకోగల పని కాదు. పైకి వదిలిన కడ్డీలకు ఉప్పుగాలి తగలకుండా సిమెంటు పాలు పూయించి, పల్చటి కాంక్రీటుతో కప్పించాను.

అప్పు కాగితాల మీద సంతకం పెట్టేముందు ఏ దశకు ఎంత శాతం ఇస్తారో బ్యాంకుతో రాయించుకోండి. మేస్త్రీతో రాసుకున్న ఒప్పందాన్ని దాని పక్కన పెట్టి చూడండి. స్లాబు దగ్గర రెండూ కలవకపోతే మేస్త్రీ ఒప్పందాన్ని అప్పుడే మార్పించండి.