విడి ముక్కల బండి

పదకొండో నంబరు పానా పట్టలేదు. పన్నెండు వదులు. మదనపల్లెలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో టమాటా క్రేట్ల మీద కూర్చుని, నేనూ నా ఇద్దరు స్నేహితులూ మొదటి ఆదివారమంతా ఒక్క బోల్టుతోనే గడిపేశాం. సాయంత్రం నాయన వచ్చి చూశాడు. "అది ఇంచీల బండిరా. మిల్లీమీటర్ల పానాలతో యాడ ఊడుతుంది?" అంటూ లోపలికి పోయి, గోనెసంచిలో చుట్టిన పాత పానాల కట్ట తెచ్చి ఇచ్చాడు. 7/16 పానా సరిగ్గా కూర్చుంది.

బండి స్టాండర్డ్ హెరాల్డ్. బ్రిటన్‌లో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్‌నే మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు 1961 నుంచి తయారుచేశారు. కానీ మా బండిని చూస్తే ఎవరూ హెరాల్డ్ అనుకోరు. పైకప్పు లేదు, వెనక సీటు లేదు. నాయన 1976లో సెకండ్ హ్యాండ్‌లో కొని, పై భాగమంతా విప్పించి, బెంగుళూరులో ఒక బస్ బాడీ మేస్త్రీతో అల్యూమినియం రేకు మీద ఇద్దరు కూర్చునే స్పోర్ట్స్ బాడీ కొట్టించుకున్నాడు. అప్పుడాయనకి ఇరవై ఆరేళ్లు, పుంగనూరులో చింతపండు వ్యాపారం. ఆ బండిని ఊరంతా "డూప్లికేట్" అన్నారు. మా తాత కూడా. నేను పుట్టిన ఏడాది నాయన దాన్ని షెడ్డులో పెట్టి టార్పాలిన్ కప్పేశాడు. మళ్లీ ఆ మాటెత్తలేదు.

ఇప్పుడు పని మూడు ఊళ్లలో నడిచింది. ఇంజన్ మదనపల్లెలోనే, ఒక ముసలి మెకానిక్ బాయ్ చేతిలో. తలుపులూ రేకులూ టాటా ఏస్‌లో పుంగనూరుకి పోయాయి, అక్కడ ఒక స్నేహితుడికి టింకరింగ్ షాపుంది. కుప్పంలో ఇంకో స్నేహితుడు గ్రానైట్ మిషన్ల భాగాలు చేసే లేత్ మీద బుష్‌లు తిప్పి ఇచ్చాడు. 1962లో వచ్చిన స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు కూడా హెరాల్డ్ చాసీ మీదే పుట్టింది కాబట్టి, కొన్ని సామాన్లు ఇప్పటికీ బ్రిటన్ నుంచి తెప్పించుకోవచ్చు.

చిక్కు కుప్పం నుంచే వచ్చింది. "మామా, కృష్ణగిరి పక్క పాత సామాన్ల యార్డులో ఒరిజినల్ హెరాల్డ్ బాడీ ఉంది. తుప్పు పట్టింది గానీ పనికొస్తుంది. అది ఎక్కించేద్దాం" అన్నాడు వాడు. వాడి లెక్క తప్పేం కాదు. కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే బండికి యాభై ఏళ్లు దాటాలి, చాసీ, బాడీ, ఇంజన్ మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉండాలి. మా బండి ఉన్నదున్నట్టుగా ఆ లెక్కలోకి రాదు.

నాయనని అడిగాం. "మీ ఇష్టం నాయనా" అన్నాడు. నాకూ సగం మనసు అటే ఉంది.

మర్నాడు పుంగనూరులో పెయింటు గీకారు. రేకు నిండా సుత్తి దెబ్బలు, వరసగా, చేప పొలుసుల్లా. తలుపు లోపలి వైపు మేకుతో గీసిన కొలతలు, కన్నడ అంకెల్లో. డ్యాష్‌బోర్డు కింద ఒకచోట రేకు లోపలికి నొక్కి ఉంది. సొట్ట అనుకుని సరిచేయబోయాడు మా వాడు. సీటు పెట్టి కూర్చుని చూశాను. నా ఎడమ మోకాలు సరిగ్గా అందులో పట్టింది. నాయనదీ నాదీ ఒకే పొడుగు. అది సొట్ట కాదు.

ఆ రాత్రి హెరాల్డ్ చరిత్ర చదివాను. వాళ్లకి బాడీలు చేసిచ్చే ఫిషర్ అండ్ లడ్లో కంపెనీని 1953లో పోటీదారు బీఎంసీ కొనేసింది. ఇక ఒకేచోట బాడీ చేయించుకునే దారి కష్టమైంది. అందుకని విడిగా చాసీ పెట్టి, వేరువేరు చోట్ల చేసిన ముక్కల్ని దాని మీద బోల్టులతో బిగించారు. డిజైన్ ఇటలీవాడు మికెలొట్టిది. అంటే ఒరిజినల్ అనేది కూడా నాలుగు ఊళ్ల ముక్కలే. మేస్త్రీ అంత సులువుగా పైభాగం విప్పగలిగిందీ అందుకే.

యార్డు బాడీ వద్దని కుప్పానికి ఫోన్ చేశాను. "వింటేజ్ నంబరు రాదు, ధరా రాదు, తెలుసు కదా?" అన్నాడు. తెలుసన్నాను. వాడు కాసేపాగి, "సరేలే, మిగిలిన బుష్‌లు శనివారం పంపిస్తా" అన్నాడు.

ఆర్సీ రెన్యువల్ ఇంకా కాలేదు కాబట్టి రోడ్డెక్కలేదు. మామిడితోట బాటలోనే నడిపాను. నాయన పక్క సీట్లో కూర్చున్నాడు. వెనక నుంచి స్నేహితులు అరుస్తూ పరిగెత్తుకొస్తున్నారు. బండి గురించి ఏమైనా అంటాడేమోనని చూశాను.

"క్లచ్ మీద నుంచి కాలు తియ్యిరా, అరిగిపోతుంది" అన్నాడు.