పంటి వేరులోని సందుగొందులు

పండ్లూడగొట్టుకొనుటకు ఏ రాయియైన నేమి యని మన పెద్దలు సామెత చెప్పుదురు. రాయి సంగతి యటుండనిండు. పన్నూడుటను గూర్చి మన స్త్రీలకింత నిశ్చింత యెట్లు కలిగినదా యని మాకు పలుమారు ఆశ్చర్యము కలుగుచుండును. పాలగిన్నెకు సూదిమొన యంత రంధ్రము పడిననాడే మాటు వేయించు గృహిణి, తన దవడపంటికి రంధ్రము పడినచో ఏడాదిపొడుగున లవంగము నొక్కిపెట్టుకొని కాలము గడుపును. భర్తకు జ్వరము వచ్చినను, బిడ్డకు దగ్గు వచ్చినను వైద్యుని యింటికి పరుగెత్తు నామెయే, తన పంటిబాధను మాత్రము వంటయింటి గడప దాటనీయదు. తుదకు బాధ భరింపరానిదైన దినమున "పీకివేయుడు, పీడ వదలును" అనును. ఆ మాట నోట వచ్చుటకు ముందు తెలిసికొనదగిన సంగతులు కొన్ని కలవు. వానిని సోదరీమణులకు విన్నవించుటకే యీ నాలుగు మాటలు.

పన్ననగా ఒక రాతిముక్క వంటిదని మనము తలంతుము. కాని అది సజీవమైనది. పైన పింగాణివలె మెఱయు గట్టిపొర, దాని క్రింద దంతధాతువు, అన్నింటికి నడుమ రక్తనాళములతోను నరములతోను గూడిన మెత్తని గుజ్జు కలవు. ఆ గుజ్జు పంటి నడిమి గదిలో నుండి, సన్నని నాళముల ద్వారా వేరుల చివరవరకు వ్యాపించి, అచ్చట దవడ యెముకలోని రక్తనాళములతో కలియుచున్నది. పంటిలో పురుగు దూరి తొలుచుచున్నదని మన పల్లెలయందే కాదు, ప్రపంచమున పలుదేశములలో వేలయేండ్లుగా నమ్ముచుండిరి. ఫ్రాన్సు దేశపు దంతవైద్యుడు పియేర్ ఫొషార్, 1728వ సంవత్సరమున ప్రకటించిన తన గ్రంథములో, ఆ పురుగును తానెన్నడును చూడలేదని చెప్పి యా నమ్మకమును త్రోసివేసెను. పంటిని తినునది పురుగు కాదు. తీపి పదార్థములను పులియబెట్టి ఆమ్లమును పుట్టించు సూక్ష్మక్రిములే దానిని కరగించుచున్నవి.

ఆ క్రిములు గుజ్జువరకు చేరినచో గుజ్జు వాచును. చేతిమీద గాయము వాచిన చర్మము సాగి చోటిచ్చును. పంటి గోడలు సాగవు. కావున లోపలి ఒత్తిడి నరములను నలిపివేయును. రాత్రి పండుకొనగానే తలకు రక్తపు ఒత్తిడి హెచ్చి పోటు ఎక్కువగుట మనలో ననేకుల కనుభవమే. కొన్నాళ్లకు ఆ పోటు తనంతట తానే తగ్గిపోవును. అప్పుడు మనము "దేవుని దయవలన నయమైన"దని సంతోషింతుము. నిజమునకు అనేక పర్యాయములు జరుగునదేమన, గుజ్జు చచ్చిపోవుటచేత నొప్పి తెలుపు నరము కూడ చచ్చినది. క్రిములు మాత్రము వేరు చివరి యెముకలో నిశ్శబ్దముగా కాపురము పెట్టును. నొప్పి పోవుట వేఱు, రోగము పోవుట వేఱు. ఈ యొక్క వాక్యము జ్ఞాపకముంచుకొన్నను మా శ్రమ సఫలమే.

ఇట్టి పంటిని నిలుపుటకు చేయు చికిత్సనే జనులు రూట్ కెనాల్ అందురు. పంటికి సూదిమందిచ్చి తిమ్మిరి కలిగించి, పైనుండి ద్వారము చేసి, వేరుల నాళములలోని చెడిన గుజ్జును సన్నని ఆకురాళ్లతో తీసివైచి, మందునీటితో కడిగి, ఖాళీయైన చోటును గట్టిగా నింపి మూసెదరు. ఇందలి పరికరముల చరిత్ర వినోదకరమైనది. 1838లో అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ మేనార్డ్ గడియారపు స్ప్రింగును అరగదీసి నాళములోనికి పోవు మొదటి పనిముట్టును చేసెను. 1864లో న్యూయార్కున శాన్‌ఫర్డ్ బార్నమ్ పంటిచుట్టును రబ్బరు తెర కట్టి ఉమ్మి లోనికి రాకుండ చేయు నుపాయమును కనిపెట్టెను. నాళమును నింపు గట్టాపర్చా యనునది మలయా ప్రాంతపు చెట్ల పాలనుండి వచ్చు పదార్థము. సముద్రము క్రింద పఱచిన తొలినాటి తంతితీగలకు తొడుగుగా నుపయోగించినదియు నిదియే.

ఎక్స్ కిరణములు 1895లో కనుగొనబడిన పిదప, న్యూ ఆర్లియన్సు నగరపు దంతవైద్యుడు ఎడ్మండ్ కెల్స్ 1899లో పంటి నాళమున సీసపు తీగ నుంచి ఛాయాచిత్రము తీసి వేరు పొడవును చూచెను. ఆ కిరణముల హాని యప్పటికి తెలియనందున నాతడు క్రమముగా తన వ్రేళ్లను, పిదప చేతిని కోల్పోయెను. నేడు మన పంటికి తీయు చిత్రమునకు పట్టు కిరణములు మిక్కిలి స్వల్పము. ఆ నిర్భయత్వము వెనుక ఒకరి చేయి యున్నదని మనము మఱువరాదు.

అయితే ఈ చికిత్స కొందరికి చిరకాలము నిలిచి, కొందరికి ఏడాదిలోనే యేల చెడుచున్నది? దీనికి ముఖ్యకారణములలో నొకటి పంటి వేరుల లోపలి కట్టడము. మనము బొమ్మలలో చూచునట్లు వేరునకొక తిన్నని గొట్టముండుననుట సరికాదు. స్విట్జర్లండు దేశమున జూరిక్ నగరపు వాల్టర్ హెస్, సుమారు మూడువేల పండ్లను సేకరించి, వాని నాళములలోనికి రబ్బరును ఒత్తిడితో నెక్కించి గట్టిపఱచి, పంటిని ఆమ్లములో కరగించెను. పన్ను మాయమై, లోపలి దారుల యచ్చు మాత్రము మిగిలెను. 1917లో జర్మను భాషలోను, 1925లో ఆంగ్లములోను వెలువడిన యాతని పరిశోధనలోని చిత్రములను చూచితిమి. అవి గొట్టములవలె లేవు. పాతపట్నపు సందుగొందులవలె చీలుచు, కలియుచు, మరల విడిపోవుచు, ప్రక్కలకు వెండ్రుకలంత సన్నని కొమ్మలు చాచుచు నున్నవి.

1969లో అమెరికా పరిశోధకుడు వైన్, తన సహచరులతో గూడి, పైదవడ మొదటి పెద్దపంటిని ప్రత్యేకముగా పరీక్షించెను. దానికి మూడు వేరులు. రెండు బుగ్గవైపున, ఒకటి అంగిలివైపున నుండును. బుగ్గవైపు ముందువేరులో ఒక నాళమే యుండునని వైద్యులు సామాన్యముగా తలచి పని చేయుచుండగా, ఆయన కోసి చూచిన 208 పండ్లలో సుమారు సగమునకు రెండు నాళములు కనబడెను. 1984లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయపు వెర్టూచి 2,400 పండ్లను గాజువలె పారదర్శకముగా చేసి, నాళములలో రంగు నింపి చూచి, నాళముల అమరికను ఎనిమిది విధములుగా విభజించెను. క్రిందిదవడ రెండవ పెద్దపంటిలో వేరులు కలిసిపోయి, నాళము ఆంగ్లపు సి యక్షరమువలె వంగి పల్చని చీలికగా నుండుటయు కలదు. అది చీనా, కొరియా ప్రజలలో తరచుగా కనబడును. మన దేశమువారి పండ్లను గూర్చి చెన్నై మొదలగు పట్టణముల పరిశోధకులు వేఱుగ పరీక్షలు జరిపియున్నారు. పంటి లోపలి దారులు జాతినిబట్టియు, మనిషినిబట్టియు మాఱుచుండును.

ఈ విషయము పుస్తకపు ముచ్చట మాత్రమే కాదని మాయింటనే తెలిసినది. కొన్ని సంవత్సరముల క్రిందట మా చిన్న తోడికోడలికి పైదవడ మొదటి పెద్దపంటికి ఈ చికిత్స జరిగినది. ఏడాది గడచిన పిదప నమలునప్పుడెల్ల నొప్పి మొదలయ్యెను. చిగురుమీద చిన్న పొక్కు లేచి, చీము కారి, మరల మానుచుండెను. అది ఆమె కుమారునికి కళాశాల రుసుము కట్టవలసిన నెల. "అక్కయ్యా, దీనికి పోసిన సొమ్మే దండుగ యైనది. మరల ఖర్చేల? పీకించివేసెదను" అని యామె యనెను. ఇంటనున్నవారందరును అదియే మేలనిరి. మా అత్తగారు మాత్రము, తన పండ్లొక్కొక్కటిగ పోయిన పిదప మెత్తని అన్నము, మజ్జిగలతోనే బ్రతికిన ముదుసలి గావున, "పోయిన పన్ను మరల రాదమ్మా, ఇంకొకరికి చూపి మాటాడు" మనిరి.

మేమామెను వెంటబెట్టుకొని మఱియొక దంతవైద్యురాలి యొద్దకు పోతిమి. ఆమె పంటిని అన్నివైపుల నుండియు చూపు త్రిపరిమాణపు ఎక్స్‌రే తీయించి తెరమీద మాకు చూపెను. మూడు నాళములు తెల్లగా నిండియున్నవి. నాలుగవది, వైన్ చెప్పిన చోటనే, నల్లని గీతవలె ఖాళీగ నున్నది. దాని చివర యెముకలో చిన్న నీడ. మొదటి వైద్యుని నిందించుట మా యభిప్రాయము కాదు. ఆ ద్వారము కంటికి తెలియనంత సన్నమైనది. రెండవ వైద్యురాలును సూక్ష్మదర్శినితో గంటసేపు వెదకి గాని దానిని పట్టలేకపోయెను. నెలలు గడచిన పిదప తీసిన చిత్రమున ఆ నీడ చాలవరకు పూడిపోయెను. మా తోడికోడలు నేడు ఆ ప్రక్కనే జంతికలు నమలుచున్నది. రుసుము మాట యందురా, రెండు నెలల వాయిదాలలో అదియు తీరినది.

నాళము దొరికినంత మాత్రమున పని ముగియదు. 1965లో అమెరికాయందు కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనువారలు క్రిములే లేని వాతావరణమున పెంచిన యెలుకల పండ్లకు గుజ్జువరకు రంధ్రము చేసి వదలిరి. ఆ గుజ్జు చావక, తన గాయముపై తానే గట్టిపొరను కట్టుకొనెను. సామాన్యపు టెలుకలలో నదే గుజ్జు కుళ్లిపోయెను. వేరు చివరి రోగమునకు మూలము క్రిములేయని దీనివలన స్పష్టమయ్యెను. మఱియు హెస్ పని చేసిన జూరిక్ నగరముననే 2001లో పీటర్స్ మొదలగువారు సూక్ష్మ ఎక్స్‌రే యంత్రముతో పరీక్షించి, ఏ పనిముట్టును వాడినను నాళపు గోడలలో మూడవవంతునకు పైగా తాకకుండనే మిగులుచున్నదని చూపిరి. కాబట్టి ఆకురాయి చేరని చోటికి మందునీరు చేరవలెను. ఆ మందునీరు తఱచుగా సోడియం హైపోక్లోరైటు, మనము బట్టలు తెల్లబఱచుటకు వాడు ద్రవములోని పదార్థమే. వైద్యులు రబ్బరు తెర కట్టి, ఓపికగా పలుమారు కడుగుచున్నచో విసుగుకొనరాదు. ఆ కడుగుటయే చికిత్సలో సగము.

ఇక భయముల మాట. 1910లో లండను వైద్యుడు విలియం హంటర్ కెనడాలోని మాంట్రియల్ నగరమున ఉపన్యసించుచు, నాటి దంతవైద్యుల బంగారు తొడుగుల క్రింద కుళ్లు దాగియున్నదనియు, శరీరరోగములకదియే మూలమనియు విమర్శించెను. దానినుండి పుట్టిన గాలిలో కొన్ని దశాబ్దములపాటు అసంఖ్యాకమైన పండ్లు వృథాగ పీకబడెను. పీకించుకొన్నను వారి కీళ్లనొప్పులు పోలేదు. తరువాతి పరిశోధనలు ఆ వాదమును నిలువనీయలేదు. అయినను రూట్ కెనాల్ చేసిన పన్ను విషమను మాట నేటికిని చెవినుండి చెవికి ప్రాకుచున్నది. పైపండ్లను పీకించిన కండ్లు పోవునను మాటయు నట్టిదే. కంటి నరమునకును పంటి నరమునకును దారులు వేఱు.

పన్ను పీకుట ఎల్లప్పుడును తప్పని మేమనము. వేరు నిలువునా చీలినను, ఎముక ఆధారము పూర్తిగా పోయినను పీకించుటయే మేలు. కాని ఖర్చు మాట తలచునపుడు, పీకిన పంటికి బదులు కట్టుడుపన్ను పెట్టించు ఖర్చును కూడ ప్రక్కన వ్రాసి చూడవలెను. చికిత్స చేసిన దవడపన్ను పెళుసగును గనుక తొడుగు వేయించుటయు మానరాదు. గర్భిణులు ప్రసవమువరకు ఓర్చుకొనవలెననుటయు సరికాదు. తాము గర్భవతులమని ముందుగా చెప్పినచో, నడిమి మాసములలో ఈ చికిత్స నిర్భయముగా చేయుదురు. దవడ క్రింద వాచి, మ్రింగుటకును ఊపిరి తీయుటకును కష్టమైనచో మాత్రము కాపడములతో కాలయాపన చేయక ఆ క్షణమే ఆసుపత్రికి పోవలెను. అది ప్రాణాంతకము కావచ్చును.

తల్లులకు మఱియొక మాట. ఇంతసేపు చెప్పుకొన్న మొదటి పెద్దపన్ను బిడ్డకు ఆఱవయేట, పాలపండ్లకు వెనుకగా, ఏ పన్నును ఊడకుండనే మొలచును. దానిని పాలపన్నే యనుకొని, ఎటులైనను ఊడునదేకదా యని అశ్రద్ధ చేయువారనేకులు. అది జీవితాంతము నిలువవలసిన పన్ను. మొలచిన పిదప దాని వేరుల చివరలు మూసికొనుటకు సుమారు మూడేండ్లు పట్టును. ఆ లోపల గుజ్జు చచ్చినచో వేరు పొట్టిగ, పల్చగ నిలిచిపోవును. గుజ్జు సజీవముగ నున్నపుడే చూపినచో, దానిని కాపాడి వేరును పూర్తిగ పెరుగనిచ్చు చికిత్స కలదు.

కావున ఈ సాయంకాలము ఇంటిపని ముగిసిన వెనుక, ఆఱేడేండ్ల బిడ్డలను కూర్చుండబెట్టి, చేతిదీపము పట్టి, చిట్టచివరి పంటిమీద నల్లని చుక్క యున్నదేమో చూడుడు. పిదప ఆ దీపమును అద్దము ముందు మీ నోటివైపునకు కూడ త్రిప్పుడు. బిడ్డలకిచ్చిన నిమిషములో సగమైనను మీకు మీరిచ్చుకొనుడు.