గుర్రపు బండి

"నాయినా, ఒక్క రాత్రి ఫలక్‌నుమాలో ఉండి వద్దాం" అంది మా అమ్మాయి. నల్గొండలో ముప్ఫై ఏళ్లు బడిపంతులు ఉద్యోగం వెలగబెట్టినవాణ్ణి. నా నెల పింఛను అక్కడ ఎన్ని పూటలకు వస్తుందో చెప్పలేనండీ! అయినా డబ్బు దానిది, ముచ్చటా దానిదే. సరేనన్నాను.

ఆ మేడ వికారుల్ ఉమ్రా కట్టించినది. తర్వాత ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వచ్చింది. 2010 నుంచి తాజ్ వారి హోటలు. అక్కడి భోజనాల బల్ల చుట్టూ ఒకేసారి 101 మంది కూర్చోవచ్చు. బంతి భోజనాలు మనకూ కొత్త కాదు గాని, ఆ కుర్చీలు చూస్తే ఆకలి మరిచిపోతాం.

గేటు దగ్గర కారు దింపి గుర్రపు బండి ఎక్కించారు. చిక్కంతా అక్కడే వచ్చింది. మా తాత వెట్టివాడు. దొర బండి ముందు పరుగెత్తడం ఆయన పని. దొరసాని మేనా మోసి మోసి కుడిభుజం కాయకాచి ఉండేది. చిన్నప్పుడు దాన్ని నొక్కుతూ ఆడుకొనేవాణ్ణి. 1946లో పోరాటం లేచాకగాని ఆ పరుగు ఆగలేదు.

బండి కదిలింది. అమ్మాయి ఫొటోలు తీస్తోంది. నేను మాత్రం గుర్రం ముందుకే చూస్తున్నాను, ఎవరైనా పరుగెత్తుతున్నారేమోనని. ఎవరూ లేరు.

మెట్ల దగ్గర గులాబీ రేకులు చల్లారు. ఒక కుర్రవాడు నా సంచీ అందుకోబోయాడు. ఇవ్వలేదు.

"ఏ ఊరు బిడ్డా?"

"దేవరకొండ, సార్."

సంచీ ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"జీతమిస్తరు సార్, ఇయ్యండి" అన్నాడు నవ్వుతూ.

ఇచ్చాను.