మీటర్ తిరుగుతోందన్నా! ఓరుగల్లులో ఓ జేసీబీ రోజు

వరంగల్‌లో బకెట్‌తో తవ్వే పసుపు బండి ఏ కంపెనీదైనా సరే, దాని పేరు జేసీబీనే. గొలుసు చక్రాల మీద పాకే పెద్దదైతే పొక్లెయిన్. జేసీబీ అంటే జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్. 1945లో ఇంగ్లండ్‌లో కంపెనీ పెట్టిన పెద్దమనిషి పేరులోని మూడక్షరాలు. పొక్లెయిన్ ఓ ఫ్రాన్స్ కంపెనీ పేరు. 2019లో ‘జేసీబీ కీ ఖుదాయీ’ మీమ్స్ మీరూ ఫార్వర్డ్ చేసే ఉంటారు. తవ్వకాన్ని గుడ్లప్పగించి చూసే జనం మీద జోకులవి. కానీ ఆ తవ్వకానికి డబ్బులు కట్టేవాడి చూపు బకెట్ మీద ఉండదు, గంటల మీటర్ మీద ఉంటుంది. మొన్న ఏప్రిల్‌లో మడికొండలో మా బావ చూపూ అక్కడే ఉంది.

బావకు అక్కడ 150 గజాల ప్లాటు ఉంది. నిలబడితే మెట్టుగుట్ట కనిపిస్తుంది. ఇంటి పిల్లర్లకు తొమ్మిది గుంతలు తీయాలి. బ్యాంక్ లోన్ ఇంకా చేతికి రాలేదు. పునాది వరకు జేబులోంచే పెట్టాలి. నేను రాత్రి బండికి హైదరాబాద్ నుంచి కాజీపేటలో దిగాను. తెల్లారగానే ఇద్దరం బైక్ మీద జేసీబీల అడ్డాకు వెళ్లాం.

అడ్డా అంటే బోర్డు, ఆఫీసు ఏం ఉండవు. రోడ్డు పక్కన వరసగా బండ్లు, ఒంటి మీద పెయింట్‌తో రాసిన ఫోన్ నంబర్లు, ఎదురుగా చాయ్ హోటల్. బ్లేడ్ ట్రాక్టర్, టిప్పర్, కాంక్రీట్ మిల్లర్, వైబ్రేటర్... ఇల్లు కట్టడానికి కావాల్సినవన్నీ కిరాయికి దొరుకుతాయి. రేటు మాత్రం ఎక్కడా రాసి ఉండదు. దూరం చూసి, సీజన్ చూసి, కొంచెం మనిషి మొహం చూసి చెప్తారు.

మాకు కుదిరిన బేరం ఇదీ: గంటకు 1,300, డీజిల్ వాళ్లదే. కనీసం రెండు గంటలు. అడ్డా నుంచి కదిలిన నిమిషం నుంచే లెక్క.

“ఎన్ని గంటలు పడ్తదన్నా?” అన్నాడు బావ.

“మన్నైతే నాలుగైదు గంటలల్ల అయిపోతది. లోపల ఏమున్నదో నాకేం ఎరుక? బండ తగిలితే మల్ల మాట్లాడుకుందాం.”

అతనే ఓనరు, అతనే డ్రైవరు. పరకాల వైపు ఊరు. ముప్పై ఏళ్లుంటాయేమో. ఆరేళ్లు ఇంకొకరి బండి నడిపి, ఇప్పుడు సొంతంగా కొన్నాడు. బండి ధర ముప్పై లక్షల పైనే. కిస్తీ నెలకు 70 వేలు.

ఎండాకాలం వీళ్లకు పంట కాలం. చెరువు ఎండితేనే పూడిక తీయడం కుదురుతుంది కదా. 2015లో మిషన్ కాకతీయ మొదలై, 46 వేలకు పైగా చెరువులు బాగుచేస్తామన్నప్పుడు ఊరూరా ఈ బండ్లే. తవ్వే ఖర్చు సర్కారుది, ఆ మట్టిని పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. అంటే జేసీబీ వెనకాల కిరాయి ట్రాక్టర్లకూ పనే. నీళ్లు వదిలేసిన భద్రకాళి చెరువులోనూ 2025లో మెషిన్లతోనే పూడిక ఎత్తారు. ఆ వేసవిలో పని బాగానే దొరికిందట. వానాకాలం వస్తే మాత్రం బండి చెట్టు కింద ఉంటుంది, కిస్తీ చెట్టు కింద ఉండదు.

ప్లాటు దగ్గర దిగగానే అతను చేసిన మొదటి పని, మీటర్ చూపించి ఫొటో తీసుకొమ్మనడం. 6214.3. ఇది కారు మీటర్ లాంటిది కాదు. బండి కదిలినా కదలకపోయినా, ఇంజన్ ఆన్‌లో ఉంటే చాలు, తిరుగుతూనే ఉంటుంది. కొత్త బండ్లకైతే లైవ్‌లింక్ అని ఉంది. బండి ఎక్కడుంది, ఎన్ని గంటలు నడిచింది అన్నది ఓనరు ఇంట్లో కూర్చుని ఫోన్‌లోనే చూసుకోవచ్చు.

ఒకప్పుడు మట్టి పనికి గంటల లెక్క లేదు. చెరువులు తవ్విన ఒడ్డెరలకు కొలత మీద కూలి. ఎంత లోతు తవ్వారో తెలియడానికి మధ్యలో ఓ మట్టి దిమ్మె తవ్వకుండా వదిలేవాళ్లు. కొలతలయ్యాక దాన్నీ తవ్వేసేవాళ్లు. ఉపాధి హామీలో ఇప్పటికీ కొలతే. ఆ పద్ధతిలో నేల గట్టిగా ఉంటే నష్టం తవ్వేవాడిది. జేసీబీలో నష్టం పిలిచినవాడిది.

ఏడో గుంతలో అదే జరిగింది. మూడడుగుల లోతులో బకెట్ పళ్లు ‘కర్ర్’మన్నాయి. బండ! ఓరుగల్లు అంటేనే ఒకే రాయి, ఏకశిలానగరం. ఊరి పేరులోనే వార్నింగ్ ఉంది మరి. బ్రేకర్ పెట్టిన బండి తెప్పించాలి, దానికి గంటకు 1,900 అన్నాడు.

“ముందు ఇంజన్ బంద్ జెయ్యన్నా” అన్నాడు బావ. అతను చప్పుడు చేయకుండా ఆపేశాడు. ఆ నిమిషంలో అతని మీద నాకు గౌరవం పెరిగింది. ఆపనివాళ్లూ ఉంటారు.

ఇంజినీర్‌కు వీడియో కాల్ చేశాం. ఆయన అడిగింది ఒక్కటే. అది గుండా, పరుపుబండా? విడి గుండైతే తీసేయాల్సిందే. కింద దాకా పరుచుకున్న పరుపుబండైతే పిల్లర్‌కు అంతకన్నా గట్టి నేల దొరకదు. గడ్డపారతో చుట్టూ గెలికి చూశాం. రెండు పక్కల మట్టి తేలింది. గుండే! ఇంకాస్త వెడల్పు తవ్వి, బకెట్‌తో కింద నుంచి లేపితే కదిలింది. బ్రేకర్ అవసరం పడలేదు. ఆ లేపడానికి పట్టిన ఇరవై నిమిషాలు బావ మొహం చూడాల్సింది.

మధ్యాహ్నం చెట్టు కింద సద్ది విప్పుతూ అతను తన లెక్క చెప్పాడు. గంటకు ఐదారు లీటర్ల డీజిల్, అంటే 500 పైన. మిగిలేది 780 దాకా. కిస్తీ కట్టడానికే నెలకు 90 గంటలు నడవాలి. టైర్లు, బకెట్ పళ్లు, ఆయిల్, ఇంటి ఖర్చు ఆ తర్వాతే. మరి మాలాంటి చిన్న పనులకు ఎందుకు వచ్చినట్టు? ఓ రోడ్డు కాంట్రాక్టర్ దగ్గర 140 గంటల డబ్బులు నాలుగు నెలలుగా ఆగిపోయాయట. బిల్లు రాలేదనే మాట తప్ప వేరే జవాబు లేదు. సంతకం పెట్టిన స్లిప్పులు సగం రోజులవే ఉన్నాయి, మిగతా అంతా నోటిమాట. “ఇండ్లోల్లు సాయంత్రానికి ఇచ్చేస్తరు. గందుకే వస్త” అన్నాడు.

కిరాయికి ఇచ్చే మీ ఫ్రెండ్ ఎవరైనా ఉంటే చెప్పండి, రోజూ మీటర్ ఫొటో వాట్సాప్‌లో పెట్టి అవతలివాళ్లతో ఓకే అనిపించుకొమ్మని. తీసుకునేవాళ్లకైతే, అందరూ మొదట రేటే అడుగుతారు గానీ, లెక్క ఎక్కడ మొదలవుతుంది, బండ పడితే ఏంటి, చెడిపోతే మీటర్ ఆగుతుందా అన్నవి అంతకన్నా ముఖ్యం.

చివరి రీడింగ్ 6219.1. అడ్డా నుంచి వచ్చిన అరగంట కలిపితే 5.3 గంటలు, 6,890. బావ ఏడు వేలు ఫోన్‌పే చేసి, మిగిలింది చాయ్‌కి ఉంచుకోమన్నాడు. అతను స్లిప్పు చించి ఇచ్చి, “రేపు పొద్దుగాల ధర్మసాగర్ల పనున్నది, వాన పడకుంటే” అంటూ లైట్లేసుకుని వెళ్లిపోయాడు. బావ అప్పటికే సెంట్రింగ్ షాపుకు ఫోన్ చేస్తున్నాడు. జాకీలు రోజు లెక్కనట.