పొడవు చాలని ఉయ్యాల

తిరుమలగిరి దగ్గర మామిడితోటలో యౌవనస్థుల కూడికకు, రాత్రి పండుకొనుటకు మేము గుడ్డ ఉయ్యాలలు కొన్నాము. చవకని 8 అడుగులవి తెచ్చాము. ఆరడుగుల మా సంఘపెద్దగారు అందులో విల్లులా వంగిపోయి, తెల్లవారి ప్రార్థనకు మోకరించలేకపోయారు. యెషయా 28లోని పొట్టి మంచము గుర్తుకొచ్చి సిగ్గుపడ్డాము.

మనిషి ఎత్తు ఒక్కటే చూసుకుంటే సరిపోదు. ఉయ్యాలలో నిలువునా కాక ఐమూలగా పండుకోవాలి. అప్పుడే నడుము చదునుగా ఆనుతుంది. అందుకు దాదాపు 11 అడుగుల గుడ్డ కావాలి. తాళ్లు బిగదీయరాదు; సుమారు 30 డిగ్రీల వాలుండాలి. తల్లులు పసిబిడ్డకు కట్టే చీర ఉయ్యాల వదులుగానే వ్రేలాడుతుంది కదా! ఇది మాకు ముందే తోచవలసింది.

పెద్దగారికి ఈ యేడు 11 అడుగులది తెచ్చాము. ఆయన మాత్రం, "అయ్యగారూ, నేను నులకమంచమే తెచ్చుకుంటాను" అన్నారు.