దర్జీ ఇంటి దాల్చా

కథలు రాయనప్పుడు ఏం చేస్తుంటావు ఆపా అని చాలామంది అడుగుతుంటారు. కుడుతుంటాను, వండుతుంటాను. అంతే. కుట్టు అబ్బా నుంచి, వంట అమ్మీ నుంచి వచ్చిందనుకుంటారు విన్నవాళ్లు. మా ఇంట్లో లెక్క కాస్త వేరు. అబ్బా దర్జీయే గానీ, చేతి కుట్టు నాకు నేర్పింది అమ్మీ. మూడు పూటలా వండేది అమ్మీయే గానీ, దాల్చా మాత్రం అబ్బా చేతిదే.

నల్లగొండలో లతీఫ్ సాబ్ గుట్ట కనబడేంత దూరంలో మా ఇల్లు. ముందు గది దుకాణం, వెనక రెండు గదులు సంసారం. అబ్బా కాలిమిషన్ చప్పుడు వింటూనే మేం నలుగురం పెరిగాం. ఆ చప్పుడు ఆగిందంటే అజాన్ అయిందనో, కరెంటు పోయి చీకట్లో సూది కనబడట్లేదనో అర్థం. రంజాన్ వచ్చిందంటే సెహ్రీ దాకా మిషన్ నడిచేది. చాంద్ రాత్ నాడు దుకాణం ముందు జనం నిలబడే ఉండేవాళ్లు. ఊరందరి కుర్తాలకూ గుండీలు కుట్టి పంపించాక, ఫజర్ వేళకు మా అన్న కుర్తాకు కాజాలు తీసేవాడు అబ్బా. ఈద్‌గాహ్‌కు పోయేటప్పుడు మా వాళ్ల బట్టలకు ఇస్త్రీ వేడి ఇంకా ఆరేది కాదు.

కత్తిరించగా మిగిలిన ముక్కల్ని మేం కత్రన్ అంటాం. అబ్బా ఒక్క కత్రన్ కూడా పారేసేవాడు కాదు. పెద్దవి గిరాకీకే తిరిగి ఇచ్చేవాడు. అది వాళ్ల అమానత్ అనేవాడు. వాళ్లు వద్దంటేనే మా ఇనప సందూక్‌లోకి వచ్చేవి. వాటితో అమ్మీ దిండు గలీబులు, గిన్నెలు దించే బట్టలు, జానిమాజ్ సంచులు, చలికాలానికి గుదడీలు కుట్టేది. తెలుగులో బొంత అంటారే, అదే. 'గుదడీ కా లాల్' అని ఉర్దూలో ఒక సామెత ఉంది. చింకిపాతల్లో మాణిక్యం అని. మా ముహల్లాలో పేదింటి పిల్లాడు ఎవడైనా బాగా చదువుకుంటే ముసలమ్మలు వాడిని అట్లా పిలిచేవాళ్లు.

అబ్బా ఎక్కువ చదువుకోలేదు. కానీ ఒక హదీస్ మాత్రం వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. సహీహ్ బుఖారీలో ఉంది అది. హజ్రత్ అనస్ రజియల్లాహు అన్హు చెప్పిన మాట. ఒక దర్జీ రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లంను దావత్‌కు పిలిచాడు. రొట్టె, సొరకాయా ఎండు మాంసమూ వేసిన షోర్బా పెట్టాడు. రసూల్ గిన్నెలో నలుదిక్కులా సొరకాయ ముక్కల్ని వెతుక్కుని తినడం అనస్ చూశారు. ఆ రోజు నుంచి తనకూ సొరకాయంటే ఇష్టం ఏర్పడిందని చెప్పారు. ఇది చెప్పి అబ్బా మెడలో టేపు సర్దుకుంటూ, "ఎవరింట్లో తిన్నారు? దర్జీ ఇంట్లో! ఏం తిన్నారు? కద్దూ!" అనేవాడు. ఆ హదీస్‌లో దర్జీ పేరు లేదు. అందుకే ఆ దర్జీ మా అబ్బాకు సొంత చుట్టమైపోయాడు.

అందుకే మా ఇంట్లో కద్దూ లేని దాల్చా ఉండదు. ఎక్కడెక్కడో వంకాయ వేస్తారు, ఆలూ వేస్తారు, మునక్కాడ వేస్తారు. అవీ బాగానే ఉంటాయి. మాకు మాత్రం సొరకాయే. పెద్ద ఆర్డర్ పూర్తయి చేతికి డబ్బులొచ్చిన జుమ్మా రోజు అబ్బా లుంగీ పైకి కట్టి బావర్చీఖానాలోకి వచ్చేవాడు. ఆ పూట అమ్మీకి ఛుట్టీ. "మొగాళ్లు పొయ్యి దగ్గరేంది?" అని మా ఫుప్పూ ఎప్పుడూ అనేది. రసూల్ ఇంట్లో ఏం చేసేవారు అని అడిగితే ఇంటివాళ్ల పనుల్లో ఉండేవారు, నమాజ్ వేళకు లేచి వెళ్లేవారు అని బీబీ ఆయిషా చెప్పారు కదా ఆపా అని అబ్బా జవాబు. ఫుప్పూ నోరు మూతపడేది గానీ మొహం మాత్రం విప్పారేది కాదు.

మా అబ్బాయి బెంగుళూరులో ఇంకో ముగ్గురు కుర్రాళ్లతో గది తీసుకున్నప్పుడు వాళ్ల నానాజాన్ దాల్చా ఎట్లా చేయాలో రాసి పంపమన్నాడు. అమ్మీని అడిగితే, "అందాజ్ సే దాల్నా బేటా" అంది ఫోన్‌లో. వాడు తలపట్టుకున్నాడు. మన ఇళ్లల్లో వంటంతా ఈ అందాజ్ మీదే నడుస్తుంది. ముఠ్ఠీ, చుటికీ, "ఇంతంత" అని చెయ్యి చూపించడం. ఆ ముఠ్ఠీ ఉన్న మనిషి పోతే కొలత కూడా పోతుంది. అందుకని నేను అమ్మీ పక్కన చిన్న తరాజూ పెట్టుకుని కూచున్నాను. ఆమె పిడికిలిలో శనగపప్పు 45 గ్రాములు. ఆరుగురికి నాలుగు పిడికిళ్లు. రాసుకోండి, మీకూ పనికొస్తుంది.

శనగపప్పు 180 గ్రాములు గంటసేపు నానబెట్టాలి. పసుపు వేసి మెత్తగా ఉడికించి, సగం మెదపాలి, సగం అట్లానే ఉంచాలి. ఎముకలున్న గోష్ అర్ధకిలో. రెండు ఉల్లిగడ్డలు ఎర్రగా వేగాక రెండు చెంచాల అద్రక్ లహ్సన్, గోష్, రెండు చెంచాల కారం, ఉప్పు, పసుపు వేసి నీళ్లు పోసి ఎముక నుంచి మాంసం ఊడేదాకా ఉడకనివ్వాలి. అప్పుడు పప్పు కలపాలి. నిమ్మకాయంత చింతపండు పిసికిన పులుసు ఆ తర్వాతే. పులుపు ముందే పడితే పప్పు మెత్తబడదు, ఎంత మంట పెట్టినా బిరుసుగానే ఉంటుంది. అర్ధకిలో లేత సొరకాయను పెద్ద ముక్కలుగా కోసి అన్నిటికంటే చివర వేయాలి. పది పన్నెండు నిమిషాలు చాలు, ముక్క నిలబడి ఉండాలి. ఆఖరున పుదీనా, కొత్మీర్. నూనెలో జీరా, నాలుగు ఎండుమిర్చి, చితక్కొట్టిన వెల్లుల్లి, కర్యాపాక్ వేసి బఘార్ ఇచ్చి వెంటనే మూత పెట్టాలి. పక్కన బగారా అన్నం ఉండాలన్నది వేరే చెప్పక్కర్లేదు.

కొత్మీర్, కర్యాపాక్ అని రాస్తుంటే నాకు నవ్వొస్తుంది. కర్యాపాక్ మన కరివేపాకే. చుగుర్ గోష్‌లోని చుగుర్ మన చింతచిగురే. గోంగూరను మాత్రం అంబాడా అంటాం. అమ్మీ ఉర్దూలో మాట్లాడుతున్నానని అనుకుంటూ సగం తెలుగు వండుతుంది. నేను తెలుగులో రాస్తున్నానని అనుకుంటూ సగం దక్కనీ కలుపుతాను. బయటివాళ్లు ఇది ఏ భాష అని అడుగుతారు. పొయ్యి దగ్గర ఆ సవాల్ ఎవ్వరూ అడగరు.

అబ్బా పోయిన ఏడాది ఇంతికాల్ అయ్యాడు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. అమ్మీ ఇద్దత్‌లో కూచుంది. నాలుగు నెలల పది రోజులు, చాంద్ లెక్కన అటూ ఇటుగా 128 రోజులు. నేను వారంలో మూడు రోజులు అక్కడే ఉండేదాన్ని. ఆ రోజుల్లో నేను ఒక్క వాక్యం రాయలేదు. రాద్దామని కూచుంటే అబ్బా గురించి తప్ప ఇంకోటి తోచేది కాదు. అబ్బా గురించి రాద్దామంటే ప్రతి మాటా తాజియత్‌కు వచ్చినవాళ్లు అనే మాటలాగే ఉండేది.

చెహ్లుం దాటాక బట్టల సంగతి వచ్చింది. అబ్బావి పన్నెండు లుంగీలు, తొమ్మిది కుర్తాలు, షర్ట్‌లు, ఒక షేర్వానీ. భాయిజాన్ అన్నీ గరీబులకు ఇచ్చేద్దామన్నాడు. సవాబ్ అబ్బాకు చేరుతుంది, ఇంట్లో ఉంటే అమ్మీ వాటినే చూస్తూ ఏడుస్తుంది అన్నాడు. వాడి మాటలో తప్పేం లేదు. మా చెల్లెలు షేర్వానీ తనకు కావాలంది. పెద్దగా గొడవ పడలేదు గానీ ఆ రాత్రి దస్తర్ఖాన్ దగ్గర ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. అమ్మీ వింటూ ఊరుకుంది.

తెల్లారి నమాజ్ అయ్యాక అమ్మీ సందూక్ తెరిచి బట్టలన్నీ రెండు కుప్పలు పెట్టింది. గట్టిగా ఉన్నవన్నీ ఒకవైపు, షేర్వానీతో సహా. అవి ఇచ్చేయాలి. చిరిగినవి, కాలర్ అరిగినవి, మోకాళ్ల దగ్గర పల్చబడ్డ లుంగీలు ఇంకోవైపు. "మీకు ఎవరైనా ఇస్తే కళ్లు మూసుకుని తప్ప తీసుకోలేనిది ఖైరాత్ ఇవ్వొద్దని సూరే బఖరాలో ఉంది. ఇవి ఇవ్వడానికి పనికిరావు. కాబట్టి ఇవి నావి" అంది. భాయిజాన్‌కు జవాబు లేకపోయింది. చెల్లెలు మొహం చిన్నబుచ్చుకుంది. షేర్వానీ మొదటి కుప్పలోనే ఉండిపోయింది.

ఆ రెండో కుప్పతో గుదడీ మొదలైంది. గుదడీ కుట్టడం చూసినవాళ్లకు తేలికగా కనిపిస్తుంది. ముందు అస్తర్ పరవాలి. అమ్మీ తన పాత నూలు చీర పరిచింది. నాలుగు మూలల్లో బరువులు పెట్టి ముడత లేకుండా లాగాలి. అబ్బా ఇస్త్రీ పెట్టె ఒక మూలకు, రోలు ఒక మూలకు, ఇటుకలు రెండు. పైన లుంగీ పొరలు. నూలు ఎంత అరిగితే అంత మెత్తన. టెరికాట్ షర్ట్‌లు పక్కన పెట్టేశాం, అవి చెమట పీల్చవు, సూదికి జారిపోతాయి. అన్నిటికంటే పైన ముక్కల వరస. మిషన్ మీద ఇంత మందం సరిగ్గా నడవదు, చేత్తోనే కచ్చీ సిలాయి వేయాలి. వేలెడు దూరంలో వరస పక్కన వరస. ప్రతి కొత్త దారానికీ అమ్మీ బిస్మిల్లా అనేది. ఆమెకు సూదిలో దారం ఎక్కడం లేదు. పొద్దున్నే ఇరవై సూదులకు దారాలెక్కించి దిండుకు గుచ్చి పెట్టడం నా డ్యూటీ.

ఉత్తర కన్నడ జిల్లాలో ఉండే సిద్దీ ఆడవాళ్లు కవంది అనే బొంతలు కుడతారు. వాళ్లలో ముస్లింలూ ఉన్నారు. వాళ్ల కుట్టు అంచు నుంచి మొదలై చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తుంది. నాలుగు మూలల్లో మడత పెట్టిన చిన్న చిన్న ముక్కలు కుడతారు, వాటిని ఫూల్ లాంటి పేరుతోనే పిలుస్తారు. అవి లేకుంటే బొంత బోసిగా ఉన్నట్టే లెక్క. అమ్మీకి ఈ సంగతి చెబితే బాగా నచ్చింది. మా గుదడీకి కూడా నాలుగు మూలలా అబ్బా సందూక్‌లోని కత్రన్‌తో పువ్వులు పెట్టింది. ఒక మూలన ఎవరి పెళ్లి బ్లౌజుదో జరీ ముక్క, ఒక మూలన ఏదో స్కూలు యూనిఫామ్ నీలం ముక్క.

కుడుతూ కుడుతూ అమ్మీ మాట్లాడింది. ఈ లుంగీ భాయిజాన్ పుట్టినప్పటిది. ఈ కుర్తా జేబు దగ్గర సిరా మరక నువ్వు అయిదో తరగతిలో చేసింది. ఆడవాళ్లు కుడుతూ మాట్లాడే మాటలు ఇంకెక్కడా మాట్లాడరు. చూపు గుడ్డ మీద ఉంటుంది కాబట్టి ఎదుటివాళ్ల కళ్లు చూడక్కర్లేదు. ఇస్మత్ చుగ్తాయీ 'చౌథీ కా జోడా' చదివినప్పుడు బట్ట చాలనప్పుడు కూడా కత్తిరించి సర్దగలిగే ఆ తల్లి నాకు ఎందుకంత తెలిసినట్టు అనిపించిందో అప్పుడు అర్థమైంది. రెడీమేడ్ దుకాణాలొచ్చాక మిషన్ చప్పుడు తగ్గిపోయిన సంవత్సరాల్లో అబ్బా రాత్రుళ్లు ఏం మాట్లాడేవాడో కూడా అమ్మీ అప్పుడే చెప్పింది. దుకాణం మూసేసి వాచ్‌మన్‌గా పోతానన్నాడట. మాకెవరికీ తెలియనివ్వలేదు. అమ్మీయే తన రెండు గాజులు అమ్మి ఆ ఏడాది గడిపింది. గాజులు అరిగాయని మాతో చెప్పింది అప్పుడు.

ఇద్దత్ ముగియడానికి ఆరు రోజుల ముందు గుదడీ పూర్తయింది. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు. ఒకటే గుదడీ, మేం నలుగురం. ఎవరూ అడగలేదు గానీ నలుగురం చూస్తున్నాం. అమ్మీ దాన్ని మడిచి షేర్వానీ దొరకని చెల్లెలి ఒళ్లో పెట్టింది. "కప్పుకోవడానికి ఇచ్చాను. అల్మారీలో దాచిపెడితే వచ్చి తీసుకుపోతా" అంది. భాయిజాన్ బయటికి పోయి చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చేటప్పుడు లేత సొరకాయ, అర్ధకిలో గోష్ తెచ్చాడు. దాల్చా వాడే చేశాడు. చింతపండు ఎక్కువైంది. అయినా అందరం రెండోసారి వడ్డించుకున్నాం.

మిషన్ ఇప్పుడు మా ఇంట్లో ఉంది. తోలు పట్టా మార్పించి నూనె వేశాను. రాత పూట రాస్తాను, సాయంత్రం గంటసేపు కుడతాను. ప్రస్తుతం టెరికాట్ షర్ట్‌లతో కూరగాయల సంచులు కుడుతున్నాను. చెమట పీల్చకపోతేనేం, బరువు బాగా మోస్తాయి. మీ ఇళ్లల్లోనూ ఎవరి పిడికిలో ఒకటి ఉండే ఉంటుంది. తరాజూ తీసుకుని పక్కన కూచోండి. పప్పు కొలిచేటప్పుడు చెప్పే మాటల్ని కూడా రాసిపెట్టుకోండి.