అరిగిన ప్లగ్ ఊరికే పోదు

నేను మొదట డీజిల్ మేస్త్రీని. విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకునే రోజుల్లో మాకు లారీ అంటే డీజిల్ బండే. దానికి స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఇంజను మిస్ కొడుతోందని ఎవరైనా వస్తే మా గురువుగారు పానా తీసుకుని ఇంజెక్టర్ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేసేవారు. నట్టు వదలగానే ఇంజను కుంటుపడిందా, ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టే. వదిలినా చప్పుడు మారలేదంటే దొంగ అక్కడే ఉన్నట్టు. స్కానర్లు లేని కాలంలో అదే మా స్కానర్.

తర్వాత సీఎన్‌జీ మీదా పెట్రోల్ మీదా నడిచే చిన్న ట్రక్కులు వచ్చాయి, వాటితోపాటే నా షెడ్డులోకి ప్లగ్గులూ వచ్చాయి. ముప్పై ఏళ్లు డీజిల్‌తో కాపురం చేసినవాణ్ణి, ప్లగ్గుల దగ్గర మళ్లీ కుర్రాణ్ణయ్యాను. ఆ చదువు నాకు బాగా వంటబట్టింది ఒక మామిడి సీజన్‌లో.

నున్న మార్కెట్ నుంచి మామిడి పెట్టెలు ఊళ్లోకి తెచ్చే కుర్రాడు, సొంత బండి. వస్తూనే మొదలెట్టాడు.

"బాబాయ్, ఖాళీగా ఉంటే బంగారంలా పోతోంది. లోడేసుకుని బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కబోతే చాలు, జర్కులు. పెట్రోల్‌కి మారిస్తే మళ్లీ మామూలే."

అప్పటికే ఇంకోచోట గ్యాస్ ఫిల్టర్ మార్పించాడు, గ్యాస్ ఇంజెక్టర్లు కడిగించాడు. పెట్రోల్ మీద బాగుండి గ్యాస్ మీద మొరాయిస్తే తప్పు గ్యాస్ కిట్‌దేనని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆ లెక్కలో ఒక ముక్క తప్పిపోతుంది. గ్యాసు, గాలి కలిసిన మిశ్రమంలో నిప్పురవ్వ దూకాలంటే పెట్రోల్‌కన్నా ఎక్కువ వోల్టేజి కావాలి. పైగా లోడుతో ఎత్తెక్కేటప్పుడు సిలిండర్‌లోకి మిశ్రమం ఎక్కువ దూరుతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది, రవ్వకి దారి ఇంకా బిగుసుకుంటుంది. బలం తగ్గిన నిప్పు పెట్రోల్ మీద ఎలాగో నెట్టుకొస్తుంది. గ్యాస్, లోడు, ఎత్తు మూడూ కలిసినచోట బయటపడిపోతుంది. కుర్రాడు చెప్పిన మాటలోనే సగం జవాబు ఉంది.

స్కానర్ పెడితే పి0303 అని వచ్చింది. చివరి అంకె సిలిండర్ నంబరు. మూడోది మిస్ కొడుతోందని అర్థం. ఎందుకు కొడుతోందో మాత్రం స్కానర్ చెప్పదు. ప్లగ్ కావచ్చు, దానికి కరెంటిచ్చే కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు, వాల్వు సరిగా కూర్చోక కంప్రెషన్ పోతూ ఉండవచ్చు.

ఇంజను చల్లారనిచ్చి, ప్లగ్ గుంతల్లో గాలి కొట్టించి, నాలుగు ప్లగ్గులూ తీశాను. గాలి కొట్టకుండా తీస్తే గుంతలోని ఇసుక సిలిండర్‌లో పడుతుంది. తీసినవి ఏ సిలిండర్‌వి ఆ వరసలోనే గుడ్డ మీద పేర్చాను. ప్లగ్ మూతి ఇంజనుకి నాలుక లాంటిది. పొడి మసి ఉంటే ఇంధనం ఎక్కువవుతోందని, నూనె జిడ్డు ఉంటే రింగులో వాల్వు సీళ్లో పోయాయని, తెల్లగా పొక్కులు లేస్తే వేడి మితిమీరిందని. ఇక్కడ అవేమీ లేవు. మూతులు నాలుగూ లేత గోధుమరంగులో శుభ్రంగా ఉన్నాయి. మధ్య ఎలక్ట్రోడ్లు మాత్రం అంచులు పోయి అరిగిన పెన్సిల్ ములుకుల్లా గుండ్రంగా తేలాయి. ఫీలర్ గేజ్ పెట్టి చూస్తే, 0.8 మిల్లీమీటర్లు ఉండాల్సిన సందు 1.2కి వచ్చింది. ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరిగితే ఒక్కో ప్లగ్ 1500 సార్లు నిప్పు కొట్టాలి. కొట్టిన ప్రతిసారీ కంటికి కనపడనంత లోహం పోతుంది.

కొత్త ప్లగ్గులు తెప్పించాను. ఒక్కోదాన్ని రబ్బరు గొట్టం ముక్కకి తగిలించి వేళ్లతోనే మర ఎక్కించాను. హెడ్ అల్యూమినియం, మొదటే పానా వేస్తే మర తెగినా చేతికి తెలియదు. ఆటోనగర్‌లో నాలుగు వీధులు తిప్పి చూశాను, పూలబండిలా పోయింది. డబ్బులు తీసుకుని పంపేశాను.

మూడో రోజు పెట్టెలతో సహా వచ్చి షెడ్డు ముందు ఆపాడు.

"ఏంది బాబాయ్ ఇది? మళ్లీ అదే గోల. ఎండకి కాయ మగ్గిపోతోంది."

నా తప్పు నాకు అప్పుడే తెలిసింది. లోడు మీద వచ్చే జబ్బుకి ఖాళీ బండి తిప్పి సర్టిఫికెట్ ఇచ్చాను.

ఈసారి కొత్త సామాను ఏదీ వేయలేదు. మూడో కాయిల్ ఒకటో సిలిండర్‌కి, ఒకటోది మూడోదానికి వేసి, పాత కోడు చెరిపేసి, కుర్రాడి పక్కన కూర్చుని లోడుతోనే ఫ్లైఓవర్ ఎక్కించాను. జర్కు వచ్చింది. కోడు పి0301. జబ్బు కాయిల్‌తోపాటే ఇల్లు మారింది.

కాయిల్ తీసి, ప్లగ్ మీద కూర్చునే దాని రబ్బరు బూటు లోపలికి టార్చి వేశాను. వెంట్రుకలాంటి నల్లటి గీత. తుక్కు డబ్బాలోంచి పాత మూడో ప్లగ్ వెతికి తీశాను. దాని తెల్లటి పింగాణీ మీదా అదే గీత, పై నుంచి ఇనుప నడుము దాకా. మొన్న నేను మూతులే చూశాను, ఒళ్లు చూడలేదు.

జరిగింది ఇదీ. సందు పెరిగాక దాన్ని దాటలేని కరెంటు ఊరికే కూర్చోదు. పింగాణీ వెంబడి పాకి, బూటులోంచి బయట ఇనుముకి దారి వేసుకుంటుంది. పోయినప్పుడల్లా బొగ్గు గీత గీస్తుంది. కొత్త ప్లగ్ వేసినా బూటులో ఆ దొంగదారి అలాగే ఉంది. లోడు పడగానే నిప్పు అటే పోయింది. అంతకాలం అంటుకోని గ్యాసు సైలెన్సర్ దారిలోకి పోయింది. ఇంకొన్నాళ్లు అలాగే తోలి ఉంటే ఆ దారిలో ఉండే కేటలిటిక్ కన్వర్టరూ పోయేది. ప్లగ్ ఖర్చెక్కడ, దాని ఖర్చెక్కడ!

బూటుతో సహా ఆ కాయిల్ మార్చాను. సామాను డబ్బులే తీసుకున్నాను, కూలి అడగడానికి నోరు రాలేదు. కుర్రాడు ఫ్లైఓవర్ దిగాక ఫోన్ చేశాడు. "ఎక్కింది బాబాయ్" అన్నాడు, అంతే.

ఆ పాత ప్లగ్ ఇప్పటికీ నా సొరుగులో ఉంది. పనికి కొత్తగా చేరిన కుర్రాడి చేతిలో అదే పెడతాను, చదవరా అని. ఎవడైనా ముందు మూతి చూసి, "బాగానే ఉంది మేస్త్రీ, కాస్త అరిగింది" అంటాడు. నేనేమీ అనను. వాడు దాన్ని పక్కకి తిప్పేదాకా చూస్తూ ఉంటాను.